కాచినా అన్న మాట

కొత్తచెరువు సాము గరిడికి కొత్తగా వచ్చినవాళ్లు ఓబిలేష్‌ను చూసి మూగవాడనుకుంటారు. అనుకోక ఏం చేస్తారు? అక్కడ కత్తిసాము చేసే ప్రతివాళ్లూ దెబ్బ ఎక్కడ వేస్తున్నారో పైకి చెప్పి మరీ వేస్తారు. ఎదుటివాళ్లు ఆ దెబ్బను కాచుకున్నారో, ఒంటిమీద పడనిచ్చారో నోటితో ఒప్పుకుంటారు. ఆదివారం పొద్దున ఆ రేకుల కొట్టం సంతలాగా మోగుతుంటుంది. ఆ గోలలో పెదవులు బిగించుకుని ఆడేవాడు ఓబిలేష్ ఒక్కడే. అతని తరఫున మాట్లాడేది బండమీద కూర్చున్న వస్తాదు వీరభద్రయ్య. ఆ వస్తాదుకు చూపు లేదు.

ఊరివాళ్లకు ఈ మాట చెబితే నవ్వుతారు. ఓబిలేష్ మూగవాడైతే కొత్తచెరువులో ఇంక మాట్లాడేవాడే లేడు. అతని బతుకంతా నోటిమీదే నడుస్తుంది. మైకు కట్టిన ఆటో ఒకటుంది. చీరల అంగడి తెరిచినా, కరెంటు పోతుందని ముందుగా చెప్పాలన్నా, పెద్దమనిషి ఎవరైనా కాలం చేసినా, నీళ్ల ట్యాంకరు ఏ వీధికి ఎప్పుడొస్తుందో తెలియాలన్నా ఆ ఆటో తిరగాల్సిందే. ఈ కాలంలో అందరూ ఫోనులో ఒకసారి పలికి దాన్నే రోజంతా తిప్పుతున్నారు. ఓబిలేషూ అంతే. కానీ గొంతు మాత్రం ఎరువు తెచ్చుకున్నది కాదు, అతనిదే, నిండు గొంతు. ఆటో ఇంకా ఊరి మలుపులో ఉండగానే బస్టాండులో టీ తాగేవాళ్లు చెవులు అటు పడేస్తారు. "నమ్మకానికి మారుపేరు" అని అతను పలికితే ఆ అంగడి చీరలు జన్మలో రంగు దిగవనిపిస్తుంది. దిగుతాయి. అది వేరే సంగతి.

అతన్ని గరిడికి తెచ్చింది కూడా ఆ గొంతే. ముప్పయ్యేళ్ల వయసప్పుడు ఒక ఉగాది ఊరేగింపులో మైకు పట్టుకుని వెనక్కి నడుస్తూ వస్తాదు సాము గురించి ఊరంతటికీ చాటుతున్నాడు. అరవై దాటిన వీరభద్రయ్య పాత కత్తి తిప్పుతుంటే అది గాలిలో ఎక్కడుందో కంటికి ఆనలేదు. ఓబిలేష్‌కు నోట మాట పడిపోయింది. మైకు చేతిలో ఉండగా మా ఆయన నోరు మూసింది ఆ ఒక్కసారే అని అతని భార్య మల్లీశ్వరి ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. మరుసటి ఆదివారం గరిడి వాకిట్లో నిలబడ్డాడు.

"ఏమప్పా, మైకు యాడ?" అన్నాడు వీరభద్రయ్య.

"ఇంట్లో పెట్టొచ్చినా మామా. నేర్చుకుందామని."

"సరే. వచ్చే ఆదివారం నుంచి ఒక చెంబు నీళ్లు తెచ్చుకో."

ఆ గరిడిలో ఫీజు అంటే అదే. పాళెగాళ్ల కాలం నుంచి వస్తున్న సాము అది. వీరభద్రయ్య తాత నుంచి నాయనకు, నాయన నుంచి ఆయనకు వచ్చింది. ఆయన మాత్రం వేరుశనగ మిల్లులో పనిచేసి దిగిపోయిన మనిషి. నేలమీద ఎర్రమట్టి, గోడకు ఆంజనేయుడి పటం, పటం కింద రెండు పాత కత్తులు. అవి పండగకే కిందికి దిగుతాయి. మామూలు ఆటకు చింతకొయ్యతో చెక్కిన కత్తులు. మట్టి ఎగిరి కళ్లలో పడకుండా ఆటకు ముందు అందరూ తలా ఒక చెంబు నీళ్లు చల్లాలి. తాగడానికే బిందెలు వరసలో పెట్టుకునే ఊళ్లో ఆ చెంబు నీళ్లు చిన్న కానుకేం కాదు.

మొదట్లో ఓబిలేష్‌కు కత్తే ఇవ్వలేదు. వట్టి అడుగులే. ముందుకు, వెనక్కి, పక్కకు. "నువ్వు నడిచేది చూస్తాంటే కోడి పేడలో గెలికినట్లుండాది" అని తిట్టేవాడు వస్తాదు. తిట్టినా మరుసటి వారం ఓబిలేష్ చెంబుతో హాజరు. కత్తి చేతికొచ్చాక మాత్రం అతన్ని ఆపేవాళ్లు లేకపోయారు. ఎడమవైపు అతన్ని తాకినవాడు లేడని పేరు వచ్చింది. ఆ పేరంటే అతనికి ప్రాణం. మైకులో పలికే పొగడ్తలన్నీ ఎవరెవరివో. తనదంటూ ఉన్న పొగడ్త ఆ ఒక్కటే.

అంతలో చక్కెర జబ్బు వీరభద్రయ్య కళ్లను తినేసింది. ముందు మసక, తర్వాత నీడలు, తర్వాత అవీ లేవు. గరిడి మూతపడుతుందని అంతా అనుకున్నారు. ఆయన మూయలేదు. చిన్నపిల్లలకు సాము నేర్పేటప్పుడు వీరభద్రయ్య తాత దెబ్బ పేరు పలికించేవాడట. ఆ పద్ధతినే పెద్దవాళ్లకూ పెట్టాడు. ఒకరు "కుడి జబ్బ" అని వేస్తే, ఎదుటివాళ్లు ఆ దెబ్బను ఆపితే "కాచినా" అనాలి, ఒంటికి తగిలితే "పడింది" అనాలి. కొట్టినవాళ్లు మాత్రం పడిందని చెప్పుకోకూడదు. ఇది తాత నాటి కట్టుబాటు. తగిలిందో లేదో తెలిసేది తగిలించుకున్న ఒంటికే, కాబట్టి చెప్పాల్సిందీ ఆ ఒంటివాళ్లే. వస్తాదు బండమీద కూర్చుని తల కొంచెం వంచి వినేవాడు. కట్టె కట్టెకు తగిలిన చప్పుడు, కండకు తగిలిన చప్పుడు, పాదం మట్టిని రాచిన చప్పుడు, వాటన్నిటి మీద ఈ మాటలు. ఆ నాలుగూ కలిపి ఆట మొత్తం చూసేవాడు.

"పక్క."

"కాచినా."

"తల."

"కాచినా."

"తల అని చెప్పి కాలు వెనక్కేసినావు గదప్పా. భయపడి కొడితే తలకాయ దాకా యాడ పోతాది కత్తి?" అనేవాడు వస్తాదు.

చెప్పి ఆడే సాములో ఓబిలేష్‌ను మించినవాడు లేడు. నాలుక, చెయ్యి ఒకేసారి లేచేవి. "నీ మాట వింటాంటే నాకు మళ్ల కండ్లొచ్చినట్లు ఉంటాది" అన్నాడు వీరభద్రయ్య ఒకసారి, అందరూ వింటుండగా. ఆ రోజు ఆటో నడుపుకుంటూ ఇంటికి వెళ్లే దారిలో ఓబిలేష్ కళ్లు తుడుచుకున్నాడు. ఆ మాటనే తర్వాత గుర్తుచేసుకుని కుమిలిపోతాడని అప్పుడు తెలియదు.

బెంగళూరు నుంచి కొందరు వచ్చిన ఆదివారం జరిగింది అది. పాతకాలపు కత్తియుద్ధాలు సరదాగా నేర్చుకునే ఉద్యోగస్తులు వాళ్లు. ఎక్కడో విని, చూడాలని వచ్చారు. ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు. వీరభద్రయ్య ఉబ్బిపోయి, "మా ఓబిలేష్‌ను ఎడమపక్క ఇంతవరకు ఎవురూ ముట్టల్యా. చూడండి" అన్నాడు. మల్లీశ్వరి కూడా కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి వాకిట్లో నిలబడింది. ఎదురుగా దిగింది హేమలత. బస్టాండు దగ్గర కోళ్ల అంగడి ఆమెది. గరిడికి వచ్చి ఏడాది కూడా కాలేదు. కత్తి పట్టుకోవడం ఎవరూ నేర్పనక్కర్లేదు నాకు అని మొదటిరోజే నవ్వించిన మనిషి.

ఆట బాగానే సాగింది. ఓబిలేష్ గొంతు రేకులకు తగిలి మోగుతోంది. ఫోన్ల సంగతి అతనికి బాగా తెలుసు, అందుకే కాస్త ఎక్కువే మోగిస్తున్నాడు. అక్కడే పొరపాటు. గొంతు మీద ధ్యాస పెట్టి ఎడమ మోచెయ్యి అర జానెడు బయటికి వదిలేశాడు.

"మోచెయ్యి" అంది హేమలత.

పడింది. చెయ్యి భుజందాకా జివ్వుమంది. కొయ్య ఎముక పక్కన కండలో దిగబడినంత పని అయింది. ఆ దెబ్బను చూడాల్సిన వస్తాదుకు కళ్లు లేవు. ఫోన్లు పట్టుకున్నవాళ్లకు ఏది తగిలిందో, ఏది కాచుకున్నాడో తెలిసేంత ఓనమాలు రాలేదు. గరిడివాళ్లు ఆ ఫోన్ల గుంపు వెనకాల ఉండిపోయారు.

"కాచినా" అన్నాడు ఓబిలేష్.

ఎందుకన్నాడో అతనికే తెలియదు. అనాలని అనుకోలేదు. రోజూ లేనిది ఉన్నట్టు పలికి పలికి నోటికి అదే అలవాటైపోయిందేమో. హేమలత కత్తి దించింది. అతని ముఖంలోకి చూసింది. కొట్టినవాళ్లు చెప్పుకోకూడదు కాబట్టి నోరు విప్పలేదు.

వీరభద్రయ్య తల పక్కకు వంచాడు. "కట్టెకు కట్టె తగిలినట్లు లేదే?"

అప్పుడైనా దారి ఉంది. రెండోసారి అడగడం అంటే తలుపు తెరిచిపెట్టడమే. ఓబిలేష్ ఆ తలుపు తన చేత్తోనే మూశాడు.

"కాచినా మామా."

"సరే" అన్నాడు ముసలాయన. ఆ తర్వాత ఆట అయిపోయేదాకా ఆయన ఎవరినీ తప్పు పట్టలేదు.

ఇంట్లో మల్లీశ్వరి మోచేతికి నూనె రాస్తూ, "ఇంత వాచింది. ఇది కాచుకున్న దెబ్బేనా?" అంది. ఓబిలేష్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. సిగ్గు ఒంట్లో ఎక్కడ ఉంటుందో అతనికి ఆ రోజు తెలిసింది. సరిగ్గా మోచేతి దగ్గర ఉంటుంది. ఆటో హ్యాండిల్ తిప్పిన ప్రతిసారీ ఉన్నానంటుంది.

అబద్ధం అక్కడితో ఆగితే ఈ కథే లేదు. అది ముసలాయన చెవిలోకి పాకింది. మరుసటి ఆదివారం ఆయన గరిడికి రాలేదు. ఒంట్లో బాగాలేదేమోనని ఓబిలేష్ ఇంటికి వెళ్లాడు. నిజం చెప్పేద్దామన్న ధైర్యం కూడా దారిలో కొంత కూడగట్టుకున్నాడు. నడవలో వీరభద్రయ్య చాపమీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఆయన భార్య ఈశ్వరమ్మ ఒక చెంబు, ఒక పీట, ఒక చింతకొయ్య కత్తి పెట్టుకుని గరిటెతో ఒక్కొక్కదాన్నీ తట్టుతోంది.

"చూడప్పా, పొద్దన్నుంచి ఇదే పని. వంట కూడా కాల్యా" అంది ఆమె.

"ఎవురూ, ఓబిలేషా? మంచిపని చేసినావు వచ్చి. ఇట్ల కూచ్చో. నువ్వు తట్టు, ఏది తట్టినావో నేను చెప్తా."

ఓబిలేష్ గరిటె తీసుకున్నాడు. చెంబు తట్టాడు. పీట తట్టాడు. ఆయన కండను కూడా తట్టమన్నాడని తన తొడనే తట్టుకున్నాడు. వీరభద్రయ్య ఒక్కటీ తప్పు చెప్పలేదు.

"ఇంట్లో బాగానే వినపడతాది. ఆ దినం మాత్రం మోసం చేసింది. హేమలత కొట్టింది కండమీద పడిందనుకున్యా. ప్రమాణం చేసి చెప్పేటంత గట్టిగా అనుకున్యా. నువ్వేమో కాచినా అంటివి. నువ్వు అబద్ధమాడే మనిషివి కాదు. అంటే పాడయింది నా చెవే గదా."

ఓబిలేష్ గరిటె పక్కన పెట్టేశాడు.

"కండ్లు పోయినప్పుడు ఏడవలేదప్పా నేను. చెవులుండాయి గదా అనుకున్యా. ఇప్పుడు ఇవి కూడా పోతాంటే ఏం చూసుకుని నేర్పేది? ఎవురికో తలమీద పడితే వినపడక ఆడండి ఆడండి అంటే? వద్దులే. గరిడి మూసేస్తా."

ఇంతకంటే సుళువైన చోటు దొరకదు. ముగ్గురే ఉన్నారు, అందులో ఒకరికి అతని ముఖం కనపడదు. అయినా ఓబిలేష్ నోటినుంచి వచ్చిందేమిటంటే, "అట్ల అనద్దు మామా, చెవులకేమయింది, బ్రహ్మాండంగా ఉండాయి" అని. మైకులో పలికినట్టే నిండుగా పలికాడు. ముసలాయన నవ్వి, నా మనసు నొప్పించకూడదని చెప్తున్నావులే అన్నాడు. ఈశ్వరమ్మ కాఫీ ఇచ్చింది. సిగ్గులేని గొంతు, ఆ కాఫీ కూడా తాగింది.

ఆ వారమంతా ఆటో వీధుల్లో తిరిగింది. వెనకాల తన గొంతే "నమ్మకానికి మారుపేరు, నమ్మకానికి మారుపేరు" అని అరుస్తుంటే ముందు సీట్లో ఓబిలేష్ తల దించుకుని కూర్చున్నాడు. వీరభద్రయ్య వీధిలోకి వచ్చేసరికి సౌండు తగ్గించాడు. కోళ్ల అంగడి ముందు ఆటో ఆగితే హేమలత కత్తి కడుగుతూ తలెత్తి, "మోచెయ్యి ఎట్లుందన్నా?" అంది. అంతే. తిట్టలేదు, ఎత్తిపొడవలేదు, మళ్లీ పనిలో పడింది.

"నువ్వే చెప్పరాదామ్మా మామకు" అన్నాడు ఓబిలేష్ గొణుగుతూ.

"నేను కొట్టినదాన్ని. నేనెట్ల చెప్తా? ఆయన గరిడి మూసినా సరే, నేను చెప్పకూడదు. నువ్వు చెప్పల్ల." ఆమె గొంతులో కోపం లేదు గానీ జాలి కూడా లేదు.

ఆ ఆదివారం వీరభద్రయ్య అందరినీ రమ్మన్నాడు. ఎవరూ చెంబులు తేనక్కర్లేదని కబురు పెట్టాడు. ఆ మాట విన్నవాళ్లకు సంగతి అర్థమైంది. పొడి మట్టిమీద అందరూ చెప్పులు విడిచి నిలబడ్డారు. ఎవరి కొయ్యకత్తి వాళ్లను తీసుకెళ్లమన్నాడు. తర్వాత తడుముకుంటూ గోడ దగ్గరికి వెళ్లి పటం కిందినుంచి పాత కత్తి ఒకటి దించాడు. దాన్ని రెండు చేతులమీద పెట్టుకుని, "ఓబిలేష్ యాడుండాడు?" అన్నాడు.

ఎవరో అతన్ని ముందుకు తోశారు.

"మా తాత ముట్టిన కత్తి ఇది. నాకు కొడుకులు లేరు. ఇంక ఇది నీ దగ్గర ఉండనీ. సాము చేసేవాళ్లు శానామంది ఉండారు. నోటిమాట నిలబెట్టేవాడు నువ్వు."

కత్తి అతని ముందుకు వచ్చింది. చేతులు చాపితే చాలు. ఓబిలేష్ చేతులు లేవలేదు. మాటలమ్ముకుని బతికే మనిషికి ఒక్క మాట కరువైంది. చివరికి ఎట్లా చెప్పాలో తోచక, ఆటలో చెప్పే పద్ధతిలోనే చెప్పాడు.

"ఎడమ మోచెయ్యి. పడింది మామా."

వీరభద్రయ్య తల వంచాడు. "ఏమంటివి?"

"బెంగళూరోళ్లు వచ్చిన దినం. హేమలత కొట్టింది. కాచినా అని చెప్పినా నీకు. కాయల్యా. పడింది."

ఓబిలేష్ తిట్లకోసం ఎదురుచూశాడు. చెంపదెబ్బకోసం కూడా. తగిలితే బాగుండుననుకున్నాడు.

"కండమీదేనా?" అన్నాడు ముసలాయన.

"కండమీదే మామా."

"మెత్తగా వచ్చింది చప్పుడు. ముందర మెత్తగా, వెనకాల ఎముక తగిలినట్లు కొంచెం."

"అవును మామా."

వీరభద్రయ్య ముఖమంతా విచ్చుకుంది. "ఈశ్వరమ్మా" అని, ఆమె అక్కడ లేదన్న ధ్యాస కూడా లేకుండా, ఇంటివైపు తిరిగి పిలిచాడు. "నా చెవులు బాగుండాయే. ఏమీ కాల్యా నా చెవులకు." చూపులేని ఆ కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి. ఓబిలేష్‌కు కాళ్లకింద మట్టి తొలుచుకుని అందులో దాక్కోవాలనిపించింది. తిట్టి ఉంటే ఎట్లాగో తట్టుకునేవాడు. ఆ సంతోషాన్ని తట్టుకోలేకపోయాడు. అది తాను దాచిపెట్టిన సంతోషం. రెండు ఆదివారాలు ఒక గుడ్డి మనిషి దగ్గరినుంచి దొంగిలించి ఉంచుకున్నాడు.

సంతోషం తగ్గాక ముసలాయన ముఖం మెల్లగా గట్టిపడింది. కత్తి తీసుకెళ్లి గోడకు పెట్టేశాడు.

"పొయ్యి నీళ్లు తెచ్చుకోండి అందరూ. ఆడుదురు" అన్నాడు. ఆ తర్వాత, "ఓబిలేషూ, నువ్వూ ఆడు. కానీ నువ్వు చెప్పద్దు. ఇంక నీది నేను చెప్తా."

అప్పటినుంచి అంతే. ఓబిలేష్ దెబ్బ వేస్తే, "తొడ" అంటాడు వీరభద్రయ్య బండమీదనుంచి. ఓబిలేష్ కాచుకుంటే, "కాచినాడు" అంటాడు. తగిలితే, "పడింది వానికి" అంటాడు. ఒక్కటి తప్పిపోదు. కొత్తవాళ్లు ముసలాయన చెవిని చూసి ఆశ్చర్యపోతారు, పాపం ఈయనకు మాటలు రావా అని ఓబిలేష్‌ను చూసి జాలిపడతారు. అతను ఊరుకుంటాడు. ఆ జాలి కూడా శిక్షలో భాగమే అనుకున్నాడో ఏమో. చెంబు నీళ్లు మాత్రం అందరికంటే ముందు అతనే తెస్తాడు. ఎండాకాలంలో రెండు చెంబులు తెస్తాడు.

ఆ మరుసటి ఏడు, వాన మీద అందరూ ఆశ వదులుకున్నాక, ఒక ఆదివారం పొద్దునే మబ్బు కమ్మింది. ఓబిలేష్, హేమలత ఆటలో ఉన్నారు. మొదటి చినుకులు రేకులమీద రాళ్లు విసిరినట్టు పడ్డాయి. చూస్తుండగానే కుండపోత. చుట్టూ ఉన్నవాళ్లు వాకిట్లోకి పరుగెత్తి చేతులు చాపారు. రేకుల మోతలో పక్కమనిషి మాట పక్కమనిషికి వినిపించడం లేదు. సరిగ్గా అప్పుడే హేమలత కత్తి ఎడమ మోచేతి మీదికి వచ్చింది.

ఓబిలేష్ కాచాడు. నిజంగానే కాచాడు. కొయ్యకు కొయ్య తగిలి మణికట్టు అదిరింది.

బండమీద వీరభద్రయ్య తల ఇటు వంచాడు, అటు వంచాడు. రెండు చేతులూ చెవుల వెనక పెట్టుకున్నాడు. వాన తప్ప ఏమీ లేదు. ఏం పడింది, ఎవరికి పడింది అని అడిగాడు. హేమలత ఏదో అంటే ఆ మాట రేకులకిందే పోయింది. ఆ మోతను దాటి ఆయన చెవిదాకా పోగల గొంతు అక్కడ ఒక్కటే ఉంది. అది ముసలాయనకూ తెలుసు.

"ఓబిలేషూ, నువ్వే చెప్పు" అని అరిచాడు.

ఓబిలేష్ నోరు తెరిచాడు. కాచినా అనాలి. ఆ మాట గొంతులోకి వచ్చేసరికి ముఖమంతా మంటెత్తింది. అదే చెయ్యి, అదే మనిషి, అదే మాట. అంటే ఎవరు నమ్ముతారు? పడింది అనేస్తే సరిపోతుంది. అందరూ మెచ్చుకుంటారు, మనిషి మారినాడంటారు. కానీ పడలేదు. పడలేదన్నది హేమలతకు తెలుసు, తనకు తెలుసు.

"కాచినా మామా" అన్నాడు. మొదటిసారి తనకే వినిపించలేదు. మళ్లీ అన్నాడు, వానను దాటేటట్టు.

వీరభద్రయ్య హేమలతను అడగలేదు. ఆ రోజు అన్నట్టే, "సరే" అన్నాడు. "ఆడండి."

అడగకుండానే నమ్మిన ఆ సరే విని ఓబిలేష్ ముందటికంటే ఎక్కువ సిగ్గుపడ్డాడు. హేమలత మళ్లీ కత్తి ఎత్తింది.